మానిన వేలికి కట్టు

"చేతికెక్కడైనా పుండుందా అండీ?" అని అడిగింది డాక్టరమ్మ, నా ఎడమ చంకలో రెండు వేళ్ళు పెట్టి తడుముతూ. నా కూతురి వయసు కూడా ఉండదు ఆ పిల్లకి. నలభై ఏళ్ళ పైచిలుకు అయింది ఆ ప్రశ్న నన్నెవరైనా అడిగి. అంతకుముందు అడిగేది మా అమ్మ.

ఎనిమిది రోజుల క్రితం స్నానం చేస్తుంటే చంకలో గడ్డలా తగిలింది ఆ బిళ్ళ. ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, తెలియకపోతే అడగండిరా, దాచుకోకండిరా అని వేలమంది పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరినదాన్ని, నా దాకా వచ్చేసరికి నోరు మూసుకున్నాను. వంటింట్లో పై అరలోంచి డబ్బా తీయబోతూ నేను అబ్బా అనడం మా అమ్మాయి చూసింది. ఇక వదల్లేదు. చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చినట్టే తీసుకొచ్చింది. ఇప్పుడు పక్కనే కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. కోపం వస్తే దాని దవడ అచ్చం మా అమ్మ దవడలాగే బిగుస్తుంది. అమ్మని అది చూడలేదు, ఫోటోలో తప్ప.

"ముట్టుకుంటే నొప్పిగా ఉందా?" అంది డాక్టరమ్మ. ప్రాణం లేచొస్తోందమ్మా అన్నాను. "మంచిది" అంది. మంచిదేమిటండీ అని మా అమ్మాయి గయ్యిమంది గాని, ఎందుకు మంచిదో నాకు తెలుసు. ఆ అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. చేతికో కాలికో దెబ్బ తగిలి చీము పడితే ఆ విషం పైకి పాకకుండా దారిలో ఉన్న బిళ్ళలు అడ్డుకుంటాయట, ఆ పనిలో వాచి నొప్పి పెడతాయట. నొప్పి పెట్టే బిళ్ళ, వేళ్ళ కింద అటూ ఇటూ కదిలే బిళ్ళ చాలావరకు రెండు మూడు వారాల్లో తగ్గిపోతుందట. పిసక్కండి, గట్టిగా రుద్దకండి, గోరువెచ్చటి గుడ్డతో కాపడం పెట్టుకోండి అని చెప్పి, నా ఎడమ బొటనవేలికున్న ప్లాస్టరు వైపు చూసింది. "ఇదేమిటి?" అంటూ అంచు పట్టుకుని లాగబోయింది. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. అరవై దగ్గర పడుతున్న ఆడదాన్ని, ఇంజక్షనుకి భయపడే చంటిపిల్లలా చెయ్యి వెనక దాచుకున్నాను.

ఎందుకు దాచుకున్నానో చెప్పాలంటే వన్ టౌనులో మేం అద్దెకున్న ఇంటి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఒకే గది, దాని ముందు వసారా, వసారాలోనే వంట. మా నాన్న పోర్టులో కలాసీ. ఇంటికొస్తే చొక్కా, తువ్వాలు, చెవుల్లో గుబిలి, అన్నీ ఇనుప ఖనిజం దుమ్ముతో ఎర్రగా ఉండేవి. మా ఇంట్లో బట్టలు ఉతికిన నీళ్ళు ఎప్పుడూ ఎర్రగానే పోయేవి. విజయనగరం అవతల ఒక పల్లె మాది. వానల్ని నమ్ముకుని ఇక చేసేది లేక అమ్మానాన్నలు, మామ్మ, నేను మూటలు కట్టుకుని వచ్చేశాం. మామ్మంటే నాన్న తల్లి. పొలం పోయినా రైతుబిడ్డననే పొగరు పోని మనిషి. అమ్మ ఫిషింగ్ హార్బరు దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి కుదిరినప్పుడు మామ్మ మూడు రోజులు అన్నం మానేసింది. నాలుగో రోజు తిని, ఒక షరతు పెట్టింది. "ఆ నీసుతోటి గుమ్మం తొక్కొద్దు. తానం సేసి రా" అని. అప్పట్నుంచి అమ్మ షెడ్డు నుంచి వచ్చి, పెరటి తడిక చాటున పోసుకుని, తడి చీరతోనే లోపలికి వచ్చేది. ఎంత పోసుకున్నా ఆ వాసన ఎక్కడికి పోతుంది. నాకు మాత్రం అది అమ్మ వాసన. రొయ్య, మంచు, సున్నిపిండి కలిసిన వాసన. ఇప్పటికీ చేపల బజారులో ఐసు పెట్టె మూత తెరిస్తే కాసేపు అక్కడే నిలబడిపోతాను.

అమ్మ పేరు అప్పలనరసమ్మ. తెల్లారకముందే లేచి, పొయ్యి రాజేసి, గంజన్నం వార్చి, నన్ను లేపి చదువుకి కూర్చోబెట్టి వెళ్ళేది. షెడ్డులో సిమెంటు గట్ల ముందు ఆడవాళ్ళంతా వరసగా నిలబడి, ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్య తలలు తుంచి, పెంకు ఒలిచి, నరం లాగేవారట. రొయ్య తల మీద ముల్లుంటుంది, రంపంలా. అది దిగితే ఆ చల్లదనంలో అప్పుడు తెలియదు, ఇంటికొచ్చాక సలుపు మొదలవుతుంది. అమ్మ వేళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక గాటు ఉండేది. పక్కింటి ఫాతిమా పిన్ని భర్త దర్జీ. ఆయన కత్తిరించి పారేసిన పాప్లిన్ పీలికలు పిన్ని మూట కట్టి మాకిచ్చేది. అవే మా ఇంటి కట్లు. అమ్మ వేళ్ళ మీద ఒకరోజు గులాబీ రంగు, ఒకరోజు పెళ్ళిచొక్కా తెలుపు, ఒకరోజు స్కూలు నిక్కరు నీలం.

బిళ్ళ అంటే ఏమిటో నాకు మొదట నేర్పింది అమ్మే. నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు గజ్జల్లో బిళ్ళ కట్టింది. కుంటుకుంటూ బడి నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డాను. మామ్మ గజ్జల్లో చెయ్యి పెట్టబోతే నేను కేకలు పెట్టాను. అమ్మ అప్పుడే పెరట్లోంచి తడి చీరతో వచ్చింది. వచ్చి గజ్జల వైపు కూడా చూడలేదు. నా పాదం ఒళ్ళోకి లాక్కుంది.

"కాల్లో ఏటి దిగిందే?"

"కాలు కాదమ్మా, ఇక్కడ నొప్పెడతంది."

"అక్కడ నొప్పెడితే ఇక్కడే ఉంతాదే పుండు. కుక్క మొరిగితే కుక్కని కొడతావా, దొంగని ఎతుకుతావా?"

దొంగ దొరికాడు. ఎడమ మడమలో, ఆల్చిప్ప ముక్క. బీచిలో దిగినదాన్ని నేను మర్చిపోయాను, పైన చర్మం మూసుకుపోయి లోపల చీము పట్టింది. సూది కాల్చి తీసింది. ఉప్పు మూట వేడి చేసి మడమకి కాపడం పెట్టింది. జిల్లేడాకుకి ఆముదం రాసి, వెచ్చచేసి గజ్జల్లో కట్టింది. రెండు రోజులు మంచం దిగనివ్వలేదు. "బిళ్ళనడక్కూడదే గుంటా, పుండునడగాల" అంది. నాలుగు రోజులకి బిళ్ళ కరిగిపోయింది. ఆ మాట మా ఇంట్లో శాసనమైపోయింది. నాన్నకి చంకలో బిళ్ళ కడితే వేళ్ళు వెతికేవాళ్ళం, నా మెడలో కడితే పన్ను వెతికేవాళ్ళం. ప్రతిసారీ దొంగ దొరికేవాడు. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్ళకి ఆ డాక్టరమ్మ చెప్పిందీ మా అమ్మ చెప్పిందీ ఒకటే. శాసనంలో తప్పు లేదు. అది మా కళ్ళు కప్పిందంతే.

నేను పదో తరగతిలోకి వచ్చిన ఏడు, దసరా వెళ్ళాక, అమ్మ కుడిచేతి చూపుడువేలికి ముల్లు దిగింది. ఈసారి గట్టిగానే దిగింది. వేలు వంకాయలా వాచింది. రెండు రోజులకి అమ్మ రవిక తొడుక్కుంటూ ఆగి, చంకలో చెయ్యి పెట్టుకుని, "ఓలమ్మ, బిళ్ళ కట్టీసింది" అంది. మేమెవరం కంగారు పడలేదు. ఎందుకు పడతాం, పుండు కళ్ళెదురుగా ఉంది. మామ్మ సున్నం, బెల్లం నూరి పట్టు వేసింది. పీలిక కట్టే పని నాది, ఎందుకంటే కుడిచేతి వేలికి అమ్మ తనంతట తాను కట్టుకోలేదు. చంకలో ఆముదం రాసే పని కూడా నాదే. రోజూ సాయంత్రం స్నానమయ్యాక అమ్మ చెయ్యెత్తి గోడకి ఆనించి నిలబడేది, నేను రాసేదాన్ని. చింతపిక్కంత ఉండేది ఆ బిళ్ళ. చింతపిక్కంత గట్టిగా కూడా ఉండేది. నొక్కి నొక్కి రుద్దేదాన్ని, కరిగించేద్దామని. అలా రుద్దకూడదని అప్పుడెవరికి తెలుసు.

"నొప్పెడతందా అమ్మా?"

"లేదే. నొప్పే లేదు. తగ్గిపోతన్నట్టుంది."

నొప్పి లేకపోవడం మాకు శుభవార్త. మామ్మ కూడా అదే అంది, నొప్పి లేందానికి వైద్యమేటి అని. ఒక్క ఫాతిమా పిన్ని మాత్రం మూతి అదోలా పెట్టింది. పీలికల మూట ఇవ్వడానికి వచ్చి, నేను ఆముదం రాయడం చూసి, తనూ చెయ్యి పెట్టి చూసింది. చూసి, నన్ను మంచినీళ్ళు తెమ్మని లోపలికి పంపింది. నీళ్ళు ముంచుతూ విన్నాను.

"అక్కా, ఇది కదల్టం లేదు. మా ఖాలాకి, మాయమ్మ సెల్లెలికి, ఇలాగే ఉండీది. నొప్పుండీది కాదు. ఓసారి పెద్దాసుపత్రికి ఎల్దాం రా, నానొత్తాను."

"ఏలు మాననీయ్ ఫాతిమా. ఏలు మానితే అదే పోద్ది."

"రొమ్ములో ఏటైనా తగుల్తందా?"

నేను గ్లాసు పట్టుకుని వచ్చేసరికి అమ్మ రవిక హుక్కులు పెట్టుకుంటూ, దర్జీ గారి దుకాణం ఎలా నడుస్తోందని అడుగుతోంది. పిన్ని నా వైపు చూసి ఊరుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అని అమ్మ తరచూ అనేది. ఆ రోజు అనకుండానే అర్థమైంది. ఆ తర్వాత పిన్ని రెండుసార్లు అడిగింది, అమ్మ రెండుసార్లూ ఒకటే చెప్పింది. ఏలు మానలేదింకా అని.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మామ్మ కళ్ళు అప్పటికే పొర కమ్మాయి, పొయ్యి దగ్గరికి వెళ్తే చెయ్యి కాల్చుకునేది. నాన్న షిఫ్టు ఎప్పుడు పడితే అప్పుడు. అమ్మ మంచం ఎక్కితే ఇల్లు చూడాల్సింది నేను. నాన్నకి అందులో ఆలోచనే లేదు. పాపం చెడ్డవాడు కాదు, కాని ఆడపిల్ల పదో తరగతి ఆయన లెక్కలో ఒక ముచ్చట, అవసరం కాదు. "ఈయేడు కాపోతే వొచ్చేయేడు రాత్తాది" అనేవాడు ప్రతిదానికీ. వచ్చే ఏడు రాదని అమ్మకి తెలుసు. మా వీధిలో బడి మానేసిన ఆడపిల్ల మళ్ళీ బడికెళ్ళడం ఎవరూ చూడలేదు. తను రెండో తరగతిలో మానేసింది, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి. వాడు పెద్దయ్యాకైనా పంపుతారని చాన్నాళ్ళు పలక దాచుకుందట. అందుకే నేను పరీక్షలో పాసైతే తలనీలాలు ఇస్తానని సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది. తన బిళ్ళ గురించి ఏమీ మొక్కుకోలేదు.

చలికాలమంతా అమ్మ వేలికి కట్టు ఉంది. సంక్రాంతికి ఉంది, శివరాత్రికి ఉంది. షెడ్డుకి వెళ్తూనే ఉంది. మనిషి కాస్త చిక్కింది. ముద్ద చిన్నదైంది. చంకలో బిళ్ళ పక్కన ఇంకోటి వచ్చింది. వేలు మానకపోతే బిళ్ళ ఎలా పోతుంది అని మామ్మ, ఐసునీళ్ళలో నానుతుంటే వేలు ఎలా మానుతుంది అని నాన్న. ఇద్దరిదీ న్యాయమైన మాటే. పనికి పోవద్దనలేక నాన్న ఊరుకున్నాడు. ఆ వేలు ఎలా ఉందో ఇంట్లో ఎవరూ విప్పి చూడలేదు. అడిగిన వాళ్ళందరికీ ఇన్నేళ్ళూ నేనిలాగే చెబుతూ వచ్చాను, ఎవరూ విప్పి చూడలేదని.

ఆఖరి పరీక్ష రాసి ఇంటికొచ్చిన రోజు అమ్మ వసారాలో కూర్చుని ఉంది. షెడ్డుకి వెళ్ళలేదు. ఎలా రాశానని అడిగింది. బాగా రాశానన్నాను. సాంఘికంలో ఏమిచ్చారు, పటం పెట్టావా, అన్నీ అడిగింది, చదువు రాని మనిషి. అన్నీ విని, "అయితే నాన్నని పిలు" అంది. నాన్న వస్తే కుడి చెయ్యి చూపించింది. భుజం నుంచి మణికట్టు దాకా వాచి, చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది. పరీక్షలని నా చేత ఆముదం రాయించుకోవడం మానేసి, కొన్ని వారాలుగా పైట కప్పుకుని తిరిగిందన్నమాట. చలి అనుకున్నాం.

పెద్దాసుపత్రిలో ఆడ డాక్టరు చూస్తానంటేనే అమ్మ పడుకుంది. తెర అడ్డంగా లాగారు. నేను లోపలున్నాను, నాన్న తెర పక్కన. ఆవిడ చంక చూసింది. మెడ కింద, కంటె ఎముక పైన వేళ్ళతో నొక్కింది. తర్వాత రవిక విప్పమంది. నేను గోడ వైపు తిరిగాను, కాని అప్పటికే చూశాను. కుడి రొమ్ము మీద చర్మం ఒక చోట లోపలికి గుంజుకుపోయి ఉంది. "ఇదెన్నాళ్ళ నుంచి?" అని ఆవిడ అడిగింది. "గురుతు లేదమ్మా" అంది అమ్మ. నాన్నని లోపలికి పిలిచారు. నాన్న వచ్చీరాగానే, "ఏలికి పుండమ్మా, ముల్లు దిగింది, అందుకు బిళ్ళ కట్టింది" అని చెప్పడం మొదలుపెట్టాడు. అదే ధ్యాస ఆయనకి. పుండు చూపిస్తే మందు రాస్తారు, ఇంటికి పోవచ్చు. డాక్టరు అమ్మ చెయ్యి తీసుకుంది. నీలం పీలిక. ముడి విప్పబోతే రాలేదు, రెండు ముళ్ళు, బిగించి ఉన్నాయి. ట్రేలోంచి కత్తెర తీసి కత్తిరించింది.

పీలిక కింద వేలు శుభ్రంగా ఉంది. మచ్చ కూడా తెల్లబడిపోయింది. గుడ్డ కింద గాలి తగలక పాలిపోయి, ముడతలు పడి, పసిపిల్ల వేలులా ఉంది. ఏనాడో మానిపోయిన వేలు.

"ఎప్పుడు మానిందే ఇది?" అన్నాడు నాన్న. అమ్మ కళ్ళు మూసుకుంది. డాక్టరు ఇంగ్లీషులో పక్కనున్న నర్సుకేదో చెప్పి, నాన్నతో తెలుగులో, "ఆర్నెల్ల కిందట తెచ్చుంటే బాగుండేది" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. నాన్న కిందపడ్డ పీలిక వంగి తీశాడు. ముడి విడిపోలేదు, గుండ్రంగా అలాగే ఉంది, కత్తెర పడ్డ చోట తప్ప. ఆ ముడి వైపు కాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. చూసి, దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

ఆపరేషను చేశారు. రేడియేషనని కరెంటు పెట్టారు, చర్మం కాలి నల్లబడింది. పరీక్ష ఫలితాలొచ్చాయి, ఫస్టు క్లాసు. పేపరు ముక్క వార్డులోకి పట్టుకెళితే అమ్మ నా నెంబరెక్కడుందో చూపించమని, తనూ దాని మీద వేలు, అదే చూపుడువేలు, పెట్టి చూసుకుంది. కాస్త తేరుకున్నప్పుడు నాన్న రిక్షాలోనూ బస్సులోనూ సింహాచలం తీసుకెళ్ళాడు. మెట్లన్నీ ఎక్కలేకపోతే నాన్న ఎత్తుకున్నాడు. తలనీలాలు ఇచ్చింది. బోడి గుండుతో, ఎముకల గూడుతో, నన్ను చూసి నవ్వి, "అప్పన్నకి బాకీ తీరిపోనాది" అంది. వానలు పడుతుండగా పోయింది. వార్డులో ఉండగా ఒకసారి అడిగాను, ఎందుకమ్మా చెప్పలేదు అని. "సెప్తే ఏటవుద్దే? నువ్వు కుండ పట్టుకుందువు, నాను మంచం పట్టుకుందును. ఒకలమైనా గట్టెక్కాల కదా" అంది.

మూడేళ్ళకి నాన్నకి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం పడింది. ఉక్కునగరంలో క్వార్టరిచ్చారు. రెండు గదులు, ఇంట్లోనే కొళాయి, వంటకి ఎత్తుగా గట్టు. మామ్మ ఆ గట్టుని తడిమి తడిమి చూసి, "అప్పలనరసుంటే నిలబడి వొండుకునీది" అని ఏడ్చింది. చేపల నీసని గుమ్మం బయట నిలబెట్టిన నోరు అదే. నాన్న పోయిన తర్వాత ఆయన ట్రంకు పెట్టె అడుగున, సర్వీసు కాగితాల కింద, ఆ నీలం పీలిక దొరికింది. ముడితో సహా. ఎవరూ చూడకుండా తీసి, నా బీరువాలో పెట్టుకున్నాను.

ఇప్పుడు కాలం మారిందంటారు. మారింది. డాక్టరమ్మ బల్ల మీద స్కాను మిషనుంది, సూదితో పరీక్షలున్నాయి, గోడ మీద ఆడవాళ్ళు తమని తాము ఎలా తడిమి చూసుకోవాలో బొమ్మలున్నాయి. నొప్పి లేకుండా గట్టిగా ఉండి, కదలకుండా, పెరుగుతూ పోయే బిళ్ళని ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదని ఆ పిల్ల పదిమందికీ రోజూ చెబుతుందట. మొరిగే కుక్క కన్నా మొరగని కుక్కకి భయపడాలని మా ఇంట్లో ఒక మనిషి పోయాక తెలిసింది. అన్నీ ఉన్నాయి గాని, నేను ఎనిమిది రోజులు దాచాను కదా. మిషన్లు మారాయి, ఆడదాని నోరు అక్కడే ఉంది.

"అమ్మా, చెయ్యివ్వు" అంది మా అమ్మాయి. గట్టిగానే అంది. డాక్టరమ్మ ఎదురుచూస్తోంది. ఈసారి చెయ్యి ముందుకు పెట్టాను. ప్లాస్టరు లాగింది. కింద పుండుంది. మెట్ల మీద తిరిగే పిల్లికూన గోరు గీరిన చోట ఎర్రగా వాచి, నడుమ చీము. పిల్లి గోటికి ఇలా బిళ్ళ కట్టడం మామూలేనని, మందులు రాస్తానని, మూడు వారాల్లో పోకపోయినా, ఇంకా పెరిగినా స్కాను చేద్దామని, మా అమ్మకి అలా జరిగిందని మా అమ్మాయి చెప్పింది గనక రొమ్ముల ఫోటో మాత్రం ఎలాగూ తీయించాల్సిందేనని ఆవిడ చెబుతోంది. నేను ఆ పుండు వైపే చూస్తున్నాను. చూస్తూ చూస్తూ ఏడ్చేశాను.

"పుండుందిగా, ఇంకెందుకమ్మా ఏడుపు?" అంది మా అమ్మాయి.

అప్పుడు చెప్పాను. ఎవరికీ చెప్పనిది, మా ఆయనక్కూడా చెప్పనిది. అప్పటికి కొన్నాళ్ళుగా అమ్మ పాత పీలిక విప్పనివ్వకుండా దాని మీదే కొత్తది చుట్టించుకునేది. మాఘమాసంలో ఒక సాయంత్రం, వీధి కొళాయి దగ్గర, అమ్మ కట్టు తడిసి ఊడిపోయింది. కొత్త పీలిక పట్టుకుని వెళ్ళాను. వేలు చూశాను. మానిపోయింది. గాటు కనబడటం కూడా లేదు. తలెత్తాను. అమ్మ నా వైపే చూస్తోంది. నేను చిన్నపిల్లని కాను, పదిహేనేళ్ళు. పుండు లేకుండా బిళ్ళ ఉండదని నాకు అమ్మే నేర్పింది. ఫాతిమా పిన్ని మాట విన్నాను. పరీక్షలకి ఇంకా నెల పైనే ఉంది. అమ్మ ఏమీ అనలేదు, ఆ వేలు నా ముందుకు చాపింది అంతే. నేను కూడా ఏమీ అనలేదు. పీలిక రెండు చుట్లు చుట్టాను. ఊడకుండా ఒక ముడి వేశాను. తర్వాత దాని మీద ఇంకోటి వేసి, పంటితో పట్టి బిగించాను.

"కుడిచేతి వేలికి ఒంటిచేత్తో అలాంటి ముడి ఎవరూ వేసుకోలేరు" అన్నాను మా అమ్మాయితో. "అది మీ తాతయ్యకి ఆ రోజే తెలిసింది. బతికున్నన్నాళ్ళూ నన్నొక్క మాట అడగలేదు."